వరద సీసాలు

సెలైన్ సగం ఎక్కేసరికి బొజ్జయ్యకు వణుకు మొదలైంది. ఇనుప మంచం నేలకు టకటకా కొట్టుకుంది. ఆయా అంతోనమ్మ పరుగున వచ్చి సూది లాగేసింది. తునికాకు కూలీల సంఘం తరఫున రోగులను చూడటానికి వెళ్లి, నేను ఆ వార్డులోనే ఉన్నాను. విద్యార్థి మిత్రులారా, కళ్లతో చూసిందే చెబుతున్నాను.

ఎనభై ఆరు గోదావరి వరద తీసిన తర్వాత భద్రాచలం దిగువన గూడేలన్నీ జ్వరాలతో మూలిగాయి. నడవగలిగినవాళ్లు మా ఊరి సర్కారు దవాఖానాకు వచ్చారు. వచ్చినవాళ్లు సెలైన్ ఎక్కించుకుని, వణికి, వారం తిరక్కుండానే పోతున్నారు. డాక్టర్ నిర్మలాదేవి వాళ్ల రక్తాన్ని పట్నం పంపి పరీక్ష చేయించింది. రక్తంలో బూజు పెరుగుతోందట. అది పట్టినవాళ్లలో సగంమంది దక్కరని, దానికి మందు జిల్లాలోనే లేదని ఆమె మాకు చెప్పింది. సెలైన్ మార్చమని పైవాళ్లను అడిగితే, అడవి జనం ఒంట్లో బలంలేక చస్తున్నారని జవాబిచ్చారట.

బొజ్జయ్య ఆ వారంలోనే పోయాడు. భార్య జంపక్క ఏడవలేదు. వార్డులో వేలాడుతున్న సీసా తీసి వెలుతురుకు పట్టింది. అడుగున దూదిలాంటి తెల్లటి పోగులు కదిలాయి. రబ్బరు మూత అంచున గోదావరి ఒండ్రు ఇంకా ఉంది. దవాఖానాకు మందులు సరఫరా చేసే కాంట్రాక్టర్ వెంకటరామారావు గోడౌన్‌లో వరదకు మునిగిన సీసాలవి. వాటిని కూలికి కడిగింది ఆమే, ఆమె గూడెం ఆడవాళ్లే. మందు పారబోసి ఖాళీ సీసాలు అమ్ముకుంటామని అతని మేస్త్రీ అప్పుడు చెప్పాడు.

"మా చేతులతోటే కడిగిచ్చిండు. మా చేతులతోటే మావోళ్లను చంపిచ్చిండు," అంది జంపక్క.

సంతలో మీటింగు పెట్టాం. కలెక్టర్ దగ్గరికి పోదామన్నాను. ఆడవాళ్లు నన్ను కూర్చోమన్నారు. ముందు వాడు మన ఎదుట నిలబడాలి, కాగితాలు తర్వాత అని తేల్చారు.

కొత్త సరుకు దింపించడానికి వెంకటరామారావు దవాఖానాకు వచ్చిన రోజున గూడేలన్నీ కదిలాయి. కూలీలు, రిక్షావాళ్లు, హాస్టలు పిల్లలు గేటు మూసేశారు. సరుకు మంచిదేనని, కావాలంటే ప్రమాణం చేస్తానని అతను అన్నాడు. ఆడవాళ్లు అతని రెక్కలు పట్టి వార్డులోకి తెచ్చి, బొజ్జయ్య చనిపోయిన మంచం మీద పడుకోబెట్టారు. జంపక్క అతని సరుకులోని సీసా ఒకటి స్టాండుకు తగిలించింది.

"మంచిదే అంటివి గదా. ఎక్కిచ్చుకో."

వద్దని డాక్టరమ్మ అడ్డం వచ్చింది. కిటికీల దగ్గర జనం ఎక్కించమని అరుస్తున్నారు. సూది అతని చేతికి ఆనింది.

"వద్దమ్మా! వరదలో మునిగిన సరుకు. చచ్చిపోతాను," అన్నాడు వెంకటరామారావు.

జంపక్క సూది తీసేసింది.

"గింత జల్దీ చస్తే ఎట్ల? మావోళ్లు ఎట్ల చస్తున్నరో కూసోని చూడు."

పక్క మంచంలో అదే సెలైన్ ఎక్కిన పూల్‌సింగ్ జ్వరంతో కాలిపోతున్నాడు. కాంట్రాక్టర్‌ను అతని దగ్గర కూర్చోబెట్టి చెమట తుడిపించారు. సాయంత్రం పోలీసులు లాఠీలతో జొరబడ్డారు. చాలామంది తలలు పగిలాయి. వెంకటరామారావును జీపులో ఇంటికి చేర్చారు. జంపక్కను స్టేషన్‌కు ఈడ్చుకుపోయారు. సాక్ష్యమైన ఆ సీసాలు మాత్రం వాళ్లకు దక్కనివ్వలేదు. ఆడవాళ్లు వాటి చుట్టూ కూర్చుని దెబ్బలు తిన్నారు.

తెల్లారి పూల్‌సింగ్ చనిపోయాడు. శవాన్ని ఎవరూ గోదావరి వైపు తీసుకుపోలేదు. వెంకటరామారావు గోడౌన్ ముందు దించారు. పలుగులతో దాని తలుపులు పెకలించి, వాటితో అక్కడే చితి పేర్చారు. ఇన్‌స్పెక్టర్ తుపాకులు ఎత్తించాడు. అంతోనమ్మ ముందుకొచ్చి చితికి నిప్పంటించింది. పోలీసులెవరూ తుపాకి పేల్చలేదు.

ఆ పొగ స్టేషన్ దాకా వచ్చిందని జంపక్క తర్వాత మాకు చెప్పింది. ఏం కాలుతోందని జంపక్క అడిగితే, మీవాళ్లు గోడౌన్ తలుపులు చితికి పెట్టారని కానిస్టేబుల్ చెప్పాడు.

జంపక్క ఊచలు పట్టుకుని లేచి నిలబడింది.

"వాని ఇంటికి ఇంక శానా తలుపులున్నయ్," అంది.