మత్తడికి కట్టిన వల

నేను ఒక చిన్న మట్టికట్టను. నా పేరు ఏ పాఠంలోనూ రాదు, నా ముందు ఏ మంత్రీ కొబ్బరికాయ కొట్టలేదు. వికారాబాద్ దగ్గర గుట్టల సందులో, డ్రాయింగు మాస్టారు దామోదరరావు పడవ షికారు మీద ముచ్చటపడి నన్ను కట్టించాడు. మట్టి పోయించి, తడిపించి, రోలరుతో తొక్కించాడు. చెరువు నిండితే నీళ్లు పక్కనుంచి పొర్లిపోవడానికి రాళ్లతో మత్తడి పెట్టించాడు. తీరా పడవెక్కితే ఆయనకే కళ్లు తిరిగాయి. నన్ను మిఠాయికొట్టు ప్రభాకర్ సేటుకు అమ్మేశాడు.

సేటుది వెన్నలాంటి మనసు. ఆదివారం వస్తే చాలు, నా మీద కూర్చుని నీళ్లలోకి బూంది చల్లుతూ చేపలను పేరు పేరునా పిలిచేవాడు. అవి పలికేవి కావు, తినేవి. ఆ మమకారంతోనే, వరదకు చేపలు కొట్టుకుపోతాయని మత్తడికి అడ్డంగా వల బిగించాడు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక? శ్రావణంలో ఒక పట్టపగలు గుట్టలన్నీ ఒక్కసారిగా కురిశాయి. కొట్టుకొచ్చిన ఆకూ అలమూ వలకు పట్టి మత్తడి మూసుకుపోయింది. నీళ్లు నా నెత్తిదాకా వచ్చాయి. నా మీదుగా పొర్లితే నేను కరిగిపోతాను, నా కిందున్న ఇళ్లూ పోతాయి. నాకు భయమేసింది.

సేటు కొడవలి పట్టుకుని వల ముందు నిలబడ్డాడు. చెయ్యి రాలేదు.

"జర తగ్గుతదేమో చూద్దాం," అన్నాడు.

భార్య నిర్మల తడుస్తూ వచ్చింది. "చేపలకు పేర్లు పెట్టిన్రు. కట్ట కింద ఉన్నోళ్లల్ల ఒక్కల పేరన్న ఎరికేనా మీకు?"

సేటు నోరు తెరిచాడు. ఒక్క పేరూ రాలేదు. కొడవలి ఆడింది. వల తెగి, చెత్తతో చేపలతో సహా మత్తడి దూకింది. నా ప్రాణం కుదుటపడింది.

మర్నాడు కింది పొలాల నిండా చేపలే. నా కింది ఇళ్లలోంచి కొమురమ్మ అనే ఆవిడ గిన్నెడు పులుసు పట్టుకొచ్చింది.

"తిను సేటూ, నీ చేపలే."

ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత తిని, ఇంకాస్త వడ్డించమన్నాడు. మనుషులంటే నాకిష్టం.

ఇప్పుడు తొలకరికి ముందే వచ్చి మత్తడిలో చెత్త తీయిస్తాడు, నా ఒంటిమీద ఎలుక బొక్కలు పూడ్పిస్తాడు. బూంది చల్లడం మానలేదు గానీ, చేపలకు పేర్లు పెట్టడం లేదు. నా మీద నిలబడి కిందికి కేకేస్తాడు.

"కొమురమ్మా, ఎల్లయ్యా, పోశవ్వా, మంచిగున్నరా?"

వీళ్లు పలుకుతారు.