తోక కారుకు బ్రేకు

కొలరాడో కొండల్లో అక్టోబరు వచ్చిందంటే రిటైరైన వాళ్ళు కాపురముండే మోటార్ హోములన్నీ దక్షిణాన ఎడారి వైపు దిగడం మొదలుపెడతాయి. వెర్లిన్ ప్రూయెట్ వాళ్ళ గుంపులో ఆరు బండ్లు. తొమ్మిదేళ్ళుగా ముందు బండి వెర్లిన్‌దే. ఎక్కడ రాత్రి బస చెయ్యాలో, ఎక్కడ డీజిల్ పోయించాలో, ఏ కనుమ ఎన్ని గంటలకు దిగాలో అతను చెబితే మిగతా అయిదు బండ్లూ గంగిరెద్దుల్లా తలూపేవి. ముప్పై ఒక్క ఏళ్ళు ఇవే కొండల్లో బడి బస్సు నడిపినవాడు, చెప్పే అర్హత ఉందని ఒప్పుకోవాలి.

ఈ ఏడాది గార్లండ్ టీగ్ అనే ఆయన ఏడో బండితో గుంపులో చేరాడు. భార్య పోయి మూడేళ్ళైంది. వెర్లిన్ కన్నా రెండేళ్ళు చిన్న, అంటే అరవై తొమ్మిది. అయినా తలనిండా జుట్టు. వెర్లిన్‌కు ముందు కళ్ళు కుట్టింది అక్కడే. తర్వాత గార్లండ్ వండిన బీన్స్ పులుసు అందరూ రెండోసారి వడ్డించుకున్నప్పుడు కుట్టింది. అన్నిటికన్నా గట్టిగా కుట్టింది మాత్రం బ్రేకు పెట్టె దగ్గర.

మోటార్ హోమ్ వెనక చిన్న కారు తగిలించి లాక్కుపోవడం వీళ్ళందరూ చేసేదే. బస చేరాక అంగడికీ చర్చికీ ఆ కారులో తిరుగుతారు. దారిలో మాత్రం అది ఒట్టి తోక. ముందు బండి బ్రేకే రెంటినీ ఆపాలి. గార్లండ్ తోక కారులో డ్రైవరు సీటు ముందు ఒక పెట్టె ఉంది. దాని ఇనుప చెయ్యి కారు బ్రేకు పెడల్ని పట్టుకుని ఉంటుంది. ముందు బండిలో గార్లండ్ బ్రేకు తొక్కగానే వెనక ఆ చెయ్యి కూడా పెడల్ని నొక్కుతుంది. అంటే తోక కూడా తన బరువు తనే ఆపుకుంటుంది.

కనుమకు ఇవతల బస చేసిన సాయంత్రం వెర్లిన్ భార్య ఆర్డిత్ ఆ కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గార్లండ్ ఆ పెట్టెను ఆడించి చూపిస్తుంటే చిన్నపిల్లలా నవ్వింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆర్డిత్‌కు పొరుగింటి బ్రేకు కూడా రుచించింది.

"ఎంత చక్కగా నొక్కుతోందో చూశావా! మనమూ ఒకటి కొందాం వెర్లిన్," అంది.

"నలభై మంది పిల్లల్ని ముప్పై ఒక్క ఏళ్ళు ఈ కొండలు దింపాను. ఒక్కడి ముక్కు చిట్లలేదు. ఇప్పుడు నాకు పాఠాలా?"

"నీ బస్సుకి తోక లేదుగా."

గార్లండ్ నవ్వు ఆపుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆపుకోవడం వెర్లిన్ చూశాడు. నవ్వేసి ఉంటే అంత మండేది కాదు.

"టన్నున్నర కారు నా బండికి ఒక లెక్కా? ఈగ వాలినట్టు," అన్నాడు.

"కిందటేడు ఈ శాడిల్‌హార్న్ కనుమ దిగేటప్పుడు ఆ ఈగే కదా మనల్ని తోసింది? చక్రాలు కాలిన కంపు అరిజోనా దాకా వచ్చింది. నేను ఏడు మైళ్ళూ సీటు పట్టుకుని ప్రార్థన చేశాను. నువ్వేమో పాట పాడావు." ఆర్డిత్ లేచి మోకాళ్ళు దులుపుకుంది. "రేపు ఆ దిగుడు నీ బండిలో దిగను. గార్లండ్ బండిలో దిగుతాను. కింద కలుద్దాం."

నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆర్డిత్ అతని పక్క సీటు వదిలి ఇంకొకడి పక్కన కూర్చున్నది లేదు. కోపంలో అంది, పొద్దున కాఫీ వేళకు చల్లారుతుందనుకున్నాడు వెర్లిన్. కడుపులో మంట మాత్రం చల్లారలేదు. గార్లండ్ బల్ల మీద మరిచిపోయిన ఆ పెట్టె తాలూకు పుస్తకాన్ని చొక్కా కింద దాచి తీసుకెళ్ళి, బాత్‌రూమ్ తలుపు వేసుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాడు. ఒకచోటైనా తప్పు దొరుకుతుందని చూశాడు. దొరకలేదు. పుస్తకం ఎక్కడున్నదో అక్కడే పెట్టేశాడు.

ఈ జనంలో ఒక కట్టుబాటు ఉంది. బండికి కారు తగిలిస్తున్న మనిషిని పలకరించకూడదు. గొలుసులు, వైర్లు, పెట్టె, దీపాలు, ఇదంతా ఒక వరసలో జరగాలి. మధ్యలో ఎవరైనా మాట్లాడిస్తే ఏదో ఒకటి జారిపోతుంది. అలా మాట్లాడించారా, మళ్ళీ మొదటి గొలుసు నుంచి చూసుకోవాల్సిందే. గుంపులో కొత్తవాళ్ళు చేరిన మొదటి సాయంత్రం దీన్ని చదివి వినిపించేది వెర్లినే. గార్లండ్‌కు కూడా అతనే వినిపించాడు, కాస్త గొంతు పెంచి మరీ.

మర్నాడు పొద్దున గార్లండ్ గొలుసులు వేసి, వైరు గుచ్చి, కారులోకి వంగి పెట్టె సర్దుతున్నాడు. వెర్లిన్ కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు.

"కనుమ మీద మంచు పడిందంటావా?"

గార్లండ్ ఉలిక్కిపడి చూశాడు. ముందు బండి మనిషే వచ్చి పలకరించాడంటే ఏదో ముఖ్యమైనదే అనుకున్నాడు పాపం. నడుం నిటారు చేసి బయటికొచ్చాడు.

"పడలేదనే రేడియోలో చెప్పారు. ఏం, దారి మారుద్దామా?"

"అబ్బే, ఊరికే అడిగాను. టైర్లు కొత్తవేనా?" అని వెర్లిన్ ఇంకా కదల్లేదు. చివరికి ఒకటి తోచింది. "ఇంతకీ మీ ఆవిడ పేరేమిటి?"

గార్లండ్ మొహం మెత్తబడింది. "లోర్నా. ఈ దీపాల పరీక్ష తనే చేసేది. బ్రేకు అనడానికి బదులు పాదం అనేది. 'పాదం వెలిగింది గార్లీ!' అని అరిచేది." ఇంకా ఏదో చెప్పబోయి, కళ్ళు తుడుచుకుని, కారు తలుపు వేసేశాడు.

వెర్లిన్ అద్దంలోంచి లోపలికి చూశాడు. ఇనుప చెయ్యి పెడల్ని పట్టుకోలేదు. జానెడు దూరంలో ఖాళీగా వేలాడుతోంది. అది ఎలా ఉండాలో అతనికి తెలుసు, రాత్రే కదా చదివింది. నోరు విప్పలేదు. ప్రమాదం జరగాలని కాదు. కింద దిగేసరికి గార్లండ్ చక్రాలు కూడా కాలిన కంపు కొట్టాలి, ఆర్డిత్ ముక్కు మూసుకోవాలి, అంతే అతని కోరిక.

గుంపులో పెద్దావిడ మావిస్ వెనక నిలబడి కేకేసింది. "ఎడమ! కుడి! బ్రేకు! అన్నీ వెలిగాయర్రా!" ఆ దీపాలకు వైరు వేరు. పెట్టెతో పనిలేకుండానే వెలుగుతాయి.

అప్పుడు ఆర్డిత్ వచ్చింది. చేతిలో ఫ్లాస్కు, భుజాన అల్లిక సంచి. వెర్లిన్ తలుపు దగ్గర ఆగుతుందనుకున్నాడు. ఆగకుండా నడిచిపోయి గార్లండ్ బండి ఎక్కింది.

"ఆర్డిత్!" అన్నాడు.

"కింద కలుద్దామన్నానుగా."

ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది. చెబితే, ఎందుకు చూశావు, ఎందుకు ఊరుకున్నావు అని అడుగుతారు. అందరూ అక్కడే ఉన్నారు. వెర్లిన్ తేలు కుట్టిన దొంగలా బండెక్కి స్టార్ట్ చేశాడు.

కనుమ శిఖరం ఇరవై మైళ్ళు. బండి వెనక బిగించిన కెమెరా తెరలో, వెనకే వస్తున్న గార్లండ్ బండి అద్దం, అద్దం వెనక రెండు తలలు. ఒకటి మెరిసే తెల్లజుట్టు, ఒకటి తన ఆర్డిత్‌ది. పదో మైలు దగ్గర ఆర్డిత్ తల వెనక్కి వాల్చి నవ్వింది. నా పక్కన అలా నవ్వి ఎన్నాళ్ళైంది అనుకుని వెర్లిన్ పళ్ళు నూరాడు. పదిహేనో మైలు దాకా పళ్ళు నూరుతూనే ఉన్నాడు. తర్వాత ఆ వేలాడే ఇనుప చెయ్యి కళ్ళముందుకు వచ్చింది. గార్లండ్ పెట్టెను నమ్మి దిగుతాడు. నమ్మినవాడు గేరు తగ్గించడం ఆలస్యం చేస్తాడు. మూడో మలుపు దగ్గర రెయిలింగు కూడా లేదు.

శిఖరం మీద లారీలు బ్రేకులు చూసుకునే జాగా ఉంది. తొమ్మిదేళ్ళలో వెర్లిన్ అక్కడ ఎప్పుడూ ఆగలేదు. అది బస్సు నడపడం రానివాళ్ళ కోసం అనేవాడు. ఇవాళ బండ్ల మధ్య మాట్లాడుకునే రేడియో తీశాడు.

"గార్లండ్. కుడి పక్కకి తీసి ఆపు."

"ఏమైంది?"

"నీ పెట్టె చెయ్యి పెడల్ని పట్టుకోలేదు. వేలాడుతోంది."

గరగర మధ్య వచ్చింది గార్లండ్ గొంతు కాదు.

"నీకెలా తెలుసు వెర్లిన్?" అంది ఆర్డిత్.

మిగతా ఆరు బండ్లూ వింటున్నాయి.

"పొద్దున చూశాను."

"చూసి చెప్పలేదా?"

"అతను మర్చిపోవాలనే మాట్లాడించాను. నువ్వు నిజంగా ఆ బండి ఎక్కుతావనుకోలేదు."

"నేను ఎక్కకపోతే? అప్పుడు చెప్పేవాడివి కాదా?"

వెర్లిన్ రేడియో పెట్టేసి బండిని కుడి పక్కకి తీశాడు.

బండ్లు వరసగా ఆగాయి. గార్లండ్ కారు తలుపు తీసి, ఇనుప చెయ్యి చూసి, పెడల్‌కి తగిలించి, రెండుసార్లు నొక్కించి చూశాడు. అరుస్తాడని అందరూ ఎదురుచూశారు. అరవలేదు.

"లోర్నా పేరు నువ్వు నిజంగానే తెలుసుకోవాలని అడిగావనుకున్నాను," అన్నాడంతే.

వెర్లిన్ తల నేలకేసి వాలింది. ఆర్డిత్ సంచీ ఫ్లాస్కూ తీసుకుని దిగింది. తన దగ్గరికే వస్తోందని వెర్లిన్ ప్రాణం లేచొచ్చింది. ఆమె తిన్నగా వాళ్ళ తోక కారు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"దీన్ని విప్పు. నేను నడుపుకుంటూ వస్తాను."

"ఈ దిగుడు ఒక్కదానివేనా?"

"దీని పెడల్ మీద ఎవరో ఒకరి పాదం ఉండాలిగా."

విప్పాడు. "నువ్వు ముందు నడువు," అని గార్లండ్‌తో అన్నాడు, మొహం చూడకుండా. తొమ్మిదేళ్ళలో మొదటిసారి వెర్లిన్ అందరికన్నా వెనక దిగాడు. అతని వెనక ఆర్డిత్ ఒక్కతే. తోక లేని బండి తేలిగ్గా దిగుతోంది. తను బ్రేకు వేసినప్పుడల్లా తెరలో ఆ చిన్న కారూ నెమ్మదిస్తోంది. కోరుకున్నట్టే భార్య తన వెంటే వస్తోంది. నాలుగు బండ్లు పట్టేంత దూరం వదిలి వస్తోంది. ఏడు మైళ్ళలో ఆ దూరం ఒక్కసారైనా తగ్గలేదు.

కింద మైదానంలో బండ్లు ఆగాక వెర్లిన్ గొలుసులు పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. ఆర్డిత్ అద్దం కొంచెం దించింది.

"ఆ పెట్టె ఎక్కడ కొన్నాడో కనుక్కుని రా. తర్వాత తగిలిద్దాం."

"నువ్వడగకూడదూ? నీకైతే చెబుతాడు."

"నువ్వే అడుగు." అద్దం పైకి ఎక్కించేసింది.

గార్లండ్ తన కారు దగ్గర వంగి, దిగుడులో ఏమైనా వదులైందేమోనని చూసుకుంటున్నాడు. వెర్లిన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని పదడుగుల దూరంలో ఆగాడు. దగ్గలేదు, పలకరించలేదు. మిగతా అయిదు బండ్ల వాళ్ళూ చూస్తున్నారు. గార్లండ్ తలెత్తి అతన్ని చూశాడు. చూసి, మళ్ళీ మొదటి గొలుసు నుంచి మొదలుపెట్టాడు.