ఉలి పట్టినవాడి మాట

కొండ దగ్గర రాయి చీల్చే పని ఇద్దరు మనుషులది. ఒకడు కింద కూచుని ఉలి పట్టుకుంటాడు. రెండోవాడు నిలబడి సమ్మెటతో దాని నెత్తిన కొడతాడు. దెబ్బ పడ్డ ప్రతిసారీ ఉలిని కాస్త తిప్పాలి, లేకపోతే బెజ్జంలో ఇరుక్కుపోతుంది. తిప్పాక, పట్టినవాడు ఊఁ అంటాడు. అప్పుడే రెండో దెబ్బ. ఊఁ అనకుండా సమ్మెట దిగదు. అట్లా వరసగా బెజ్జాలు వేసుకుంటూ పోయి, వాటిలో ఇనప చీలలు దిగగొడితే రాయి రెండుగా విడిపోతుంది. అది ఎటు విడిపోవాలో చూసుకునేది ఉలి పట్టినవాడు. కొట్టేవాడు ఆ సంగతి అడగడు.

ఈ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. ఉలి అన్నది, సమ్మెట తమ్ముడిది. తండ్రి బతికుండగా వాళ్ళనట్లా కుదిర్చాడు, అట్లాగే నడుస్తోంది. అన్న సన్నటి మనిషి, మాట తక్కువ. తమ్ముడు భుజాలున్నవాడు, నోరూ ఉన్నవాడు. రెండూ సమ్మెట కొట్టేవాడికి పనికొచ్చేవే అని అతని భార్య అంటూ ఉంటుంది.

ఓట్ల విషయంలోనూ తండ్రి పెట్టిన పద్ధతే. పోలింగు రోజు పొద్దున అందరూ తయారై గడప దిగేముందు ఇంటి పెద్ద ఒక్క మాట అంటాడు. ఏదో ఒక గుర్తు పేరు. ఇంట్లో ఉన్న ఓట్లన్నీ దానికే పడతాయి. ఎందుకని ఎవరూ అడగరు. తండ్రి పోయాక ఆ మాట అన్నకి వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఇద్దరు కోడళ్ళకీ ఇదేం చోద్యమనిపించింది. తర్వాత చుట్టుపక్కల ఇళ్ళలో ఓట్ల పేరున మొగుడూ పెళ్ళాలు ముఖాలు మాడ్చుకుని తిరగడం చూసి, ఇదే నయమనుకున్నారు.

ఉన్నవి రెండు పార్టీలు. ఒకదానిది గొడుగు గుర్తు, ఇంకోదానిది నిచ్చెన. ఇన్నాళ్ళూ రెండూ రోడ్డు వేస్తామనేవి, నీళ్ళిస్తామనేవి. ఎవరు గెలిచినా కొండ కొండలాగే ఉండేది కాబట్టి అన్న ఏ గుర్తు చెప్పినా ఇంట్లో ఎవరికీ నష్టం లేకపోయింది. ఈసారి అట్లా కాదు. కొండ మూసేస్తామని గొడుగు వాళ్ళు మైకులో చెప్పారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనుషులు నడి వయసులోనే పోతున్నారని, పనివాళ్ళకి సంచులు కుట్టే షెడ్డు పెట్టిస్తామని అన్నారు. తమ ప్రాణం పోయినా కొండ మూయనివ్వమని నిచ్చెన వాళ్ళు అన్నారు.

అన్నకి దగ్గు ఉంది.

మొదట పొద్దుటిపూట వచ్చేది. తర్వాత పనిలో కూడా రావడం మొదలైంది. అది వచ్చినప్పుడు అన్న ఊఁ అనలేడు. తమ్ముడు సమ్మెట ఎత్తి పట్టుకుని నిలబడతాడు. దగ్గు తగ్గి, అన్న ఉలి తిప్పి, ఊఁ అనేదాకా అట్లాగే ఉంటాడు. ఎంతసేపు నిలబడాల్సి వస్తోందో అతని భుజాలకి తెలుసు. ఇంట్లో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

నిచ్చెన తరఫున లారీ ఆయన వచ్చాడు. కొండ మీది రాయంతా ఆయన లారీల్లోనే పోతుంది. అరుగు మీద కూచుని అందరి బాగోగులూ అడిగాడు, నీళ్ళు తాగాడు, ఈ ఇల్లు కట్టిన రాయి కూడా కొండదేనని గుర్తు చేశాడు. అన్న చూద్దామన్నాడు. మర్నాడు గొడుగు తరఫున మందుల షాపాయన వచ్చాడు. అన్న దగ్గు మందు కొనేది ఆయన దగ్గరే. ఆయన అరుగు మీద కూచోలేదు, నిలబడే మాట్లాడాడు. అన్న ఆయనకీ చూద్దామనే చెప్పాడు.

ఆయన వెళ్ళాక తమ్ముడు నవ్వాడు.

"కొండ మూస్తే ఆయన సీసాలు ఎవడు కొంటాడు వదినా? అయినా మూయమంటున్నాడు. మంచివాడే పాపం."

అన్న భార్య చేట పక్కన పెట్టింది.

"మంచివాడో చెడ్డవాడో, మీ అన్న మొహం చూసి మాట్లాడినవాడు ఆయనొక్కడే. ఆ లారీ ఆయన గోడలు చూసి మాట్లాడాడు."

తమ్ముడు ఊరుకోలేదు. కొండ మూస్తే తనకి చేతనయిన పని ఇంకోటేముందని అడిగాడు. సంచులు కుట్టే షెడ్డులో తన వేళ్ళలో సూది నిలుస్తుందా అన్నాడు. తన పిల్లది ఇంకా చంకలోనే ఉందన్నాడు. వదిన కూడా తగ్గలేదు. నీ పిల్లకి పెదనాన్న అక్కర్లేదా అంది. ఆ మాట అన్నాక ఆమే లోపలికి వెళ్ళిపోయింది. అన్న ఇద్దరి మాటలూ విన్నాడు. వింటూ చెప్పు తెగిన చోట మేకు కొట్టుకున్నాడు.

నిజానికి అన్నకి ఏమీ తోచడం లేదు. కొండ ఉండాలంటే తను దగ్గుతూ ఉండాలి. కొండ పోవాలంటే తమ్ముడి చేతుల్లో పని పోవాలి. ఏ గుర్తు చెప్పినా ఇంట్లో ఒకరి మీద దెబ్బ వేసినట్టే. రాతి మీదైతే వేలు పెట్టి చూస్తే పొర ఎటుందో తెలిసేది. ఇక్కడ వేలు పెట్టడానికి ఏమీ లేదు. పోలింగు దగ్గర పడుతున్నకొద్దీ అతను మరీ మాట్లాడటం మానేశాడు. భార్య ఒకసారి, తమ్ముడు ఒకసారి విడివిడిగా అడిగారు. ఇద్దరికీ ఒకటే జవాబు, ఇంకా టైముంది కదా అని.

పోలింగు ముందురోజు కొండ దగ్గర పెద్ద రాయి చీలుస్తున్నారు. ఎక్కడా మచ్చ లేని రాయి, గేటు స్తంభాలకి కావాలని ఎవరో చెప్పి పెట్టుకున్నది. బెజ్జాలు చాలా దూరం వచ్చాయి. అన్న ఉలి తిప్పి ఊఁ అన్నాడు. సమ్మెట కదిలింది. ఆ తర్వాత దగ్గు వచ్చింది. ఊఁ అన్నాక దగ్గు రావడం అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు. రాబోయే ముందు గొంతులో తెలుస్తుంది, అన్న నోరు మూసుకుంటాడు. ఈసారి తెలియలేదు. ఉలి పక్కకి ఒరిగింది. తమ్ముడు నడుం మెలితిప్పి సమ్మెటని తప్పించాడు. అది అన్న చేతి పక్కన రాతి మీద, బెజ్జాల వరసకి ఎడంగా పడింది. పడ్డ చోటి నుంచి సన్నటి పగులు అడ్డంగా పోయింది.

కాసేపటికి మేస్త్రీ వచ్చి పగులు చూశాడు, అన్న చెయ్యి చూశాడు. చెయ్యి బాగానే ఉందిగా అన్నాడు. స్తంభాలకి వేరే రాయి చూసుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

అన్న లేచి వెళ్ళి నీడలో కూచున్నాడు. ఉలి అక్కడే రాతి మీద ఉంది.

తమ్ముడి భార్య తిండి తెచ్చింది అప్పుడే. పగులు చూసింది, బావగారు కూచున్న చోటు చూసింది. ఎవరూ చెప్పకుండానే అంతా అర్థం చేసుకుంది. పుట్టింట్లో ఆమె పెళ్ళికాక ముందు వాళ్ళ నాన్నకి ఉలి పట్టేది. అందరూ తిన్నాక గిన్నెలు మూట కట్టి, కొంగు ముక్కుకి అడ్డంగా బిగించుకుని, కొత్త రాయి ముందు కూచుంది.

"ఇవ్వాళ్టికి నేను పడతా. బావగారికి ఒంట్లో బాగయ్యాక చూద్దాం."

"నీకెందుకు ఇవన్నీ" అన్నాడు తమ్ముడు.

"కొండ ఉండాలంటావు. ఉంటే ఉలి ఎవరో ఒకరు పట్టాలిగా. నువ్వే పట్టి నువ్వే కొట్టుకుంటావా?"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. తమ్ముడు సమ్మెట తీసుకున్నాడు.

ఆమె పట్టడం మర్చిపోలేదు. ఉలి నిటారుగా ఉంది, తిప్పడం సరిగా ఉంది, ఊఁ కూడా సమయానికి వస్తోంది. తమ్ముడు కొట్టాడు. ప్రతి దెబ్బకీ బెజ్జంలోంచి తెల్లటి దుమ్ము ఉఫ్ మని ఊదినట్టు లేచి ఆమె మొహం మీదికి పోతోంది. పైన నిలబడ్డ అతని దాకా రావడం లేదు. అతనికి గాలి తగులుతోంది. ఇన్నేళ్ళూ అతనికి కింద కనిపించింది అన్న తలపాగా మాత్రమే. తలపాగా వంగి ఉండేది, దాని కింద ఏముందో అతను చూడలేదు. ఈమె తలెత్తి అతని వంక చూస్తూ ఊఁ అంటోంది. కనుబొమలు తెల్లబడ్డాయి. కంటి రెప్పలు తెల్లబడ్డాయి. కొంగు మీద ముక్కు ఉన్న చోట తడిసి, ఆ తడికి దుమ్ము ముద్దలా అంటుకుంది. దుమ్ములో ఎక్కువ భాగం కూచున్నవాడిదని, నిలబడ్డవాడికి మిగిలేది కొంచమేనని అతను అంతవరకూ ఆలోచించలేదు. బెజ్జంలో నీళ్ళు పోస్తూ ఉంటే దుమ్ము లేవదు. కానీ కింద నుంచి నీళ్ళు మోసే మనిషిని కొండ మీద ఎవరూ పెట్టరు.

దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది.

"ఏంటి, నిద్రొస్తోందా?" అంది ఆమె.

ఇవ్వాళ్టికి చాలన్నాడు అతను. ఇంకా పొద్దు చాలా ఉందని ఆమె అంది. చాలన్నానుగా అన్నాడు.

నీడలో కూచున్న అన్న ఇదంతా చూశాడు. ఇంటికి నడుస్తున్నప్పుడు దారిలో తమ్ముడితో ఒక్క మాట అన్నాడు.

"రేపు గుర్తు నువ్వు చెప్పు."

తమ్ముడు ఆగాడు. "నేనా? నేనేం చెప్తాను. చెప్పాల్సింది నువ్వు."

"నేను చెప్పలేను. నా దగ్గు నాకు చెవుల్లో ఉంది, అది తప్ప ఇంకోటి వినపడదు. నువ్వే చెప్పు. నువ్వు ఏదంటే అదే."

అప్పటిదాకా నిచ్చెన నిచ్చెన అని వాదించడం తమ్ముడికి తేలికగానే ఉంది. ఎంత వాదించినా చివరి మాట అన్నదే, ఏదైనా తప్పు జరిగితే అదీ అన్నదే. ఇప్పుడు ఆ మాట తన నెత్తిన పడింది. రాత్రి తిండి దగ్గర అతను నోరెత్తలేదు. ఏమయ్యా, నాలుక కొండ మీద మర్చిపోయి వచ్చావా అని వదిన అడిగింది.

పొద్దున్నే అందరూ తయారయ్యారు. పిల్లని పక్కింటి ముసలామెకి అప్పజెప్పారు. గడప దగ్గర నిలబడ్డారు. అన్న తమ్ముడి వంక చూశాడు, అన్నని చూసి ఆడవాళ్ళూ చూశారు. తమ్ముడు పదండి అన్నాడు. అంతే అన్నాడు. వదిన తన భర్త మొహంలోకి చూసింది. ఆయన అప్పటికే నడుస్తున్నాడు.

పోలింగు బడిలో పెట్టారు. వరస గేటు దాటి బయటి దాకా ఉంది. గొడుగు వాళ్ళు ఒక పక్క బల్ల వేసుకున్నారు, నిచ్చెన వాళ్ళు ఇంకో పక్క. మందుల షాపాయన నమస్కారం పెట్టాడు. లారీ ఆయన చెయ్యెత్తి పలకరించాడు. ఇద్దరికీ అన్న తలూపాడు. వరస మెల్లగా కదులుతోంది. లోపల పిల్లలు కూచునే బల్లలన్నీ ఒక మూలకి నెట్టి ఉన్నాయి. గోడ మీద ఎవరో పిల్లవాళ్ళు గీసిన బొమ్మల్ని కాగితాలతో కప్పారు.

మెట్ల దగ్గరికి వచ్చాక తమ్ముడి భార్య వెనక నుంచి అతని చొక్కా లాగింది.

"ఏదో ఒకటి చెప్పు. లోపలికెళ్ళాక అడగనివ్వరు."

అతను వెనక్కి తిరిగాడు. ఆమె స్నానం చేసే వచ్చింది. అయినా కనుబొమల మొదట్లో తెల్లటి పొడి ఇంకా సన్నగా మిగిలి ఉంది.

"గొడుగు" అన్నాడు.

వదిన విన్నది. అన్న కూడా విన్నాడు. తమ్ముడి భార్య మాత్రం అడిగింది.

"అంటే రేపు నేను ఉలి పట్టక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఎవరు గెలిచినా అక్కర్లేదు."

ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్ళి వచ్చారు. అన్న, అన్న భార్య, తమ్ముడి భార్య త్వరగానే వచ్చేశారు. తమ్ముడు ఆలస్యం చేశాడు. ఓటు వేసే చోట అడ్డం పెట్టిన అట్ట వెనక అంతసేపు నిలబడితే ఎట్లా అని లోపలి అధికారి కేకేశాడట. వచ్చాక వేలు మీది సిరా ఆరేదాకా ఊదుకుంటూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆడవాళ్ళు ముందు నడిచారు. అన్నదమ్ములు వెనకబడ్డారు. బడి కనుమరుగయ్యాక తమ్ముడు చెప్పాడు.

"మీకందరికీ గొడుగని చెప్పి, నేను నిచ్చెనకి వేశాను."

అన్న కొంత దూరం నడిచాడు.

"ఎందుకని?"

"తెలీదు. గొడుగుకే వేద్దామని చెయ్యి పెట్టాను. నాన్న గుర్తొచ్చాడు, సమ్మెట గుర్తొచ్చింది. చెయ్యి పక్కకి పోయింది."

దగ్గు వచ్చి అన్న ఆగాడు. తగ్గాక నోరు తుడుచుకున్నాడు.

"పోనీలే. ఇన్నేళ్ళు తిండి పెట్టిన కొండ. దానికీ ఒకటి పడాలి కదా."

తమ్ముడు అన్న మొహం చూశాడు. వెక్కిరింత ఏమీ లేదు.

"రేపు కొండకి వెళ్తావా?" అని అన్న అడిగాడు.

"వెళ్తా. లారీలోకి రాళ్ళెత్తే పని ఉంటే ఇమ్మని అడుగుతా. దానికి జత అక్కర్లేదు."

"నడుం పడిపోతుంది రా."

"పడితే నాదే కదా పడేది."

ముందు నడుస్తున్న ఆడవాళ్ళు దేనికో నవ్వుకుంటున్నారు. పక్కింటి ముసలామె పిల్లని ఎత్తుకుని తన ఇంటి గేటు దగ్గర నిలబడి ఉంది. పిల్ల అప్పటికే వీళ్ళని చూసి చేతులు చాస్తోంది.