వేంకటాచలముగారి గోల్ఫు విద్యాభ్యాసము

మార్గశీర్షమాసమున విశాఖపట్టణ సాగరతీరమునుండి వీచు శీతలమారుతము కొండచరియలయందలి పొగమంచును మెల్లమెల్లగా తొలగించుచుండ బాలభానుని కిరణస్పర్శచే గోల్ఫు మైదానమందలి తృణాంకురములపై తుహినబిందువులు మౌక్తికములవలె మెరయుచుండెను. అట్టి మనోహరప్రభాతమున నొక వయోధికుడు చేత లోహదండమును ధరించి పాదములముందు నిశ్చలముగానున్న తెల్లని బంతిని జన్మశత్రువును జూచినట్లు చూచుచు నిలిచియుండెను.

ఆయన ముక్కామల వేంకటాచలముగారు. ముప్పదినాలుగేండ్లు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి ఉద్ధతప్రవాహలగు నదులకు ఆనకట్టలు గట్టించి వందలకొలది పనివాండ్రను కనుసన్నల నడిపి ఉద్యోగవిరమణ మొందిన పెద్దమనుష్యుడు. రక్తపుపోటు తగ్గుటకై నడకతో గూడిన యాట నేదైన నభ్యసింపుడని వైద్యుడు చెప్పగా గోల్ఫును చేపట్టెను. ఆరు వారములు గడచెను. దండమును విసరిన ప్రతిపర్యాయమును మన్ను లేచుచుండెను. గడ్డిపెళ్లలు ఎగిరి ఆయన మీసములపై బడుచుండెను. బంతి మాత్రము కదలకుండెను. ఎప్పుడైన కదలినను పది గజములు దొర్లి ఆగిపోవుచుండెను. రక్తపుపోటు తగ్గుటకు మారుగా హెచ్చెను.

నలువది యేండ్లుగా నా మైదానమునందే ఆట నేర్పుచున్న పైడిరాజు ఆయనకు శిక్షకుడు. “అయ్యా, తల యెత్తకుడు. బంతినే చూడుడు” అని యతడు ప్రతిదినమును జెప్పుచుండెను. వేంకటాచలముగారు ప్రతిదినమును తల యెత్తుచుండిరి.

నాడు భర్త యాటను జూడగోరి సుగుణావతమ్మ కాఫీ ఫ్లాస్కుతో వచ్చి రాతిబల్లపై గూర్చుండెను. క్లబ్బు వరండాలో టీ త్రాగుచు మిత్రులు నలువురు వీక్షించుచుండిరి. వేంకటాచలముగారు రెండుమారులు విసరి రెండుమారులును గాలినే కొట్టిరి. మూడవమారు దండము చేజారి బంతి యెన్నడును పోని దూరము తానే పోయి యిసుకగుంటలో బడెను. వరండా గొల్లుమనెను.

సుగుణావతమ్మ లేచి “కొంచెము మెల్లగా విసరి చూడరాదా అండీ?” అనెను.

“నీకేమి తెలియును? నోరు మూసికొని కూర్చుండుము!” అని ఆయన గర్జించెను.

ఆమె మరల రాతిబల్లపై గూర్చుండెను. పైడిరాజు దండమును దెచ్చి చేతికిచ్చి మెల్లగా నిట్లనెను. “అయ్యా, తప్పుగా ననుకొనకుడు. తల యెత్తవలదని తమకు నేనెన్ని మారులు చెప్పియుందును?”

“వందలమారులు చెప్పియుందువు. అయిన నేమి?”

“ఒక్కమారైన కసరితినా?”

“లేదు.”

“అమ్మగారు చెప్పినది యొక్కమారే.”

వేంకటాచలముగారు రాతిబల్లవైపు తిరిగిరి. తలవంచుకొని ఫ్లాస్కును రెండుచేతుల నదిమిపట్టుకొనియున్న భార్యను జూడగా పదునెనిమిదేండ్లనాటి యుదయ మొకటి కనులకు గట్టెను. క్రొత్తగా గొన్న కారును నడుపుట నేర్పుచు మూడవదినమున నామె గేటుస్తంభమును రాచినంతనే వీధివారెల్లరు బయటికి వచ్చునట్లు తాను అరచెను. ఆమె దిగి లోనికి బోయి మరియెన్నడును కారు నడుపు చక్రము ముట్టలేదు. ఏలయని తానెన్నడు నడుగలేదు.

ఆయన దండమును విడిచి వచ్చి ఆమె ప్రక్కన గూర్చుండెను. “సుగుణా, నాడు కారు నేర్చుకొనుట యేల మానితివి?”

ఆమె ఫ్లాస్కును బల్లపై బెట్టెను. పిదప “కారునకు నేను భయపడలేదండీ. గేరు మార్చుట కూడ వచ్చినది. మీ గొంతుకకు భయపడితిని” అనెను.

ఆయన జేబులోని కారు తాళపుచెవి దీసి ఆమె చేతబెట్టెను.

క్లబ్బు వెనుకనున్న ఖాళీస్థలమున సుగుణావతమ్మ కారెక్కి చక్రము ముందు గూర్చుండెను; ఆయన ప్రక్కసీటున గూర్చుండెను. కారు ఒకమారు కుదుపుతో నాగెను. రెండవమారును ఆగెను. మిత్రులు టీ కప్పులతో లేచివచ్చి ఆ స్థలపు కంచెకు జేరగిలబడిరి. మూడవమారు కారు కప్పవలె నెగిరి ఆగినప్పుడు వేంకటాచలముగారి ముఖము జేవురించెను, నాలుక చివరకు కేక వచ్చెను. ఆయన మోకాళ్లను రెండుచేతుల గట్టిగా బట్టుకొని పండ్లు బిగించెను. ఆమె యొకమారు క్రేగంట జూచి యెదురుచూచెను. ఏమియు వినబడలేదు.

నాలుగవమారు కారు కదలెను. అంగుళ మంగుళముగా సాగి మలుపు తిరిగి ఆ స్థలమును పూర్తిగా చుట్టివచ్చెను. చుట్టు ముగిసినను ఆమె కారు నాపలేదు. ఆయనయు నాపుమనలేదు.