ఆది కొలత

భార్య పోయిన ఏడాది టైలరు కూతురికి పదిహేనేళ్ళు. అప్పటి నుంచే ఆయన ఆ పిల్ల ఒంటికి టేపు పెట్టడం మానేశాడు. తల్లి లేని ఎదిగిన ఆడపిల్లకి కొలతలు తీయడానికి తండ్రికి చేతులు రాలేదు. కొత్తది కుట్టాలంటే ఆమె పాతదొకటి తెచ్చి బల్లమీద పెట్టేది. కుదిరిన పాతబట్టను కొలతకి ఇవ్వడాన్ని ఆది ఇవ్వడం అంటారు. “ఇదిగో ఆది. దీనికంటే అర అంగుళం వదులుగా ఉండాలి నాన్నా,” అని చెప్పి వెళ్ళిపోయేది. ఆయన ఆ బట్టని కొలిచేవాడు, మనిషిని కాదు. ఎనిమిదేళ్ళు అలాగే గడిచిపోయాయి.

చిన్నప్పుడు ఒకచోట కుదురుగా నిలబడేది కాదని ఆమెకి బొంగరం అని పేరు పెట్టాడు. ఇప్పుడు బస్సు పాసులిచ్చే కౌంటర్లో రోజంతా కూర్చునే ఉద్యోగం చేస్తున్నా ఆ పేరు మాత్రం పోలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే. అన్నం తింటున్నప్పుడు గోడగడియారం చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. అందుకే ఆమె తరచూ అనేది, తనకి నలుగురు పిల్లలు కావాలని, ఇల్లు సంతలా ఉండాలని, అందరి బట్టలూ తాతే కుట్టి చావాలని. ఆయన నవ్వేవాడు.

ఆ ఏడు యూనిఫాం ప్యాంటు నడుం దగ్గర మూడుసార్లు విప్పమంది. మొదటిసారి, తిన్నదంతా ఒక్కచోటే దాచుకుంటున్నావే అని వేళాకోళం చేశాడు. రెండోసారి ఏమీ అనలేదు. మూడోసారి నడుం వదులు చెయ్యమంటూనే చొక్కా భుజాలు జారుతున్నాయని చెప్పింది. ఆయన ఒకే పూట నడుం విప్పాడు, భుజాలు లోపలికి పట్టాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న చెయ్యి ఆ రెండు పనుల మధ్య ఒక్క క్షణం ఆగింది. పెళ్ళికాని పిల్ల. నడుమొక్కటే పెరుగుతోంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందో. ఇస్త్రీపెట్టె అందుకుని ఆ కుట్టు మీద గట్టిగా రుద్దాడు. ఆ తర్వాత రెండు నెలలు చూసీ చూడనట్టు తిరిగాడు.

షాపులో ఆయనకి తోడు కాజాలు కుట్టే ఆవిడ ఒక్కతే. పద్దెనిమిదేళ్ళుగా అదే కిటికీ పక్కన అదే కుర్చీ. ఆయన్ని అన్నా అంటుంది. బొంగరానికి ఆమె కాజాలత్త. చేతిలో సూదికంటే నోరే పదును. కౌంటరు వాళ్ళకి యూనిఫాం రంగు మారి, బొంగరం మళ్ళీ ఆది పట్టుకొచ్చినప్పుడు ఆమె దాన్ని లాక్కుంది.

“మూడుసార్లు విప్పినది ఆదెలా అవుతుందే? దీనికి ఆదీ లేదు, అంతమూ లేదు. మనిషివి ఎదురుగా ఉన్నావుగా, రా ఇలా.”

తెర వెనక్కి తీసుకెళ్ళింది. లోపల కాసేపు మాటలు వినిపించి ఆగిపోయాయి. ఆవిడ బయటికి వచ్చింది గాని కొలత పైకి చదవలేదు. టేపు చేతికి చుట్టుకుంటూ నిలబడింది. ఆయన గొంతు తగ్గించి, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న ప్రశ్న అడిగేశాడు. ఆవిడ ఆయన వంక జాలిగా చూసింది.

“ఆ ఆలోచన మానుకో అన్నా. చేత్తో తాకి చూశాను. రాయిలా ఉంది. షట్టరు దించు, డాక్టరు దగ్గరికి పోదాం.”

స్కానింగులో ఇరవై ఆరు సెంటీమీటర్ల తిత్తి అని తేలింది. ఆయన బుర్ర ఎవరూ అడక్కుండానే లెక్క కట్టేసింది. పదింపావు అంగుళాలు. ఎడమ అండాశయం మీద పుట్టి పైకి పెరిగిందట. అందులో ఏముందో తెరిచి చూస్తేగాని తెలియదంది ఆపరేషను చేసే డాక్టరమ్మ. తిత్తితో పాటు ఆ అండాశయమూ పోతుంది. కుడివైపుది బాగుంటే దాని జోలికి వెళ్ళం అంది. బాగుండకపోతే అని బొంగరమే అడిగింది. అప్పుడు నువ్వు మత్తులో ఉంటావు, ఎవరు చెప్తే చెయ్యమంటావో రాసివ్వమంది డాక్టరమ్మ. కూతురు కాగితం మీద ‘మా నాన్న’ అని రాసింది.

ఆపరేషను ముందురోజు సాయంత్రం వార్డులో నర్సు వచ్చి సూది పెట్టింది. పెట్టేముందు తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకుంది. అలా చెయ్యమని ఆమెకెవరూ చెప్పి ఉండరు. టైలరు ఆ చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు. నర్సు వెళ్ళాక కూతురు దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

కౌంటర్లో వాళ్ళు చెవులు కొరుక్కునేవాళ్ళని చెప్పింది. ఒకావిడైతే, ఎన్నో నెల అని మొహం మీదే అడిగిందట. అది కనబడకూడదనే వదులు చెయ్యమనేదాన్నని చెప్పింది.

“నువ్వూ అలాగే అనుకున్నావు కదా నాన్నా.”

“అనుకున్నానమ్మా,” అన్నాడు.

“అడిగుంటే బావుండేది. తిట్టినా సరే. ఏదో ఉందని నీకైనా తెలిసిందని నాకు తెలిసేది.”

ఆయన తల ఎత్తలేకపోయాడు. ఆమే చెయ్యి చాచి ఆయన చొక్కా గుండీ సరిచేసింది.

“రేపు నిన్ను అడిగితే, ఒక్కటుంచమని చెప్పు. ఎంత చిన్నదైనా, ఎలా ఉన్నా. మిగతాది తర్వాత నేను చూసుకుంటాను. మాటివ్వు.”

ఇచ్చాడు. తప్పు చేసినవాడికి మాట ఇవ్వడం తేలిక.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. తోపుడుమంచం గుమ్మం దాటుతుండగా కాజాలత్త, “త్వరగా రావే, కొత్త యూనిఫాం నీ ఒంటికే కొలిచి కుడతాం,” అంది. బొంగరం నవ్వింది. తలుపు మూసుకుంది. టైలరు కాలుగాలిన పిల్లిలా బయటి వరండా కొలిచాడు. నలభై రెండు అడుగులు పోను, నలభై రెండు రాను.

పది దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చింది. మూతిగుడ్డ గడ్డం కిందికి లాగి ఉంది. తిత్తి పగలకుండా బయటికి వచ్చిందని ముందు ఆ మంచిమాట చెప్పింది. ఆ తర్వాత, ముక్క తీసి అక్కడికక్కడే పరీక్ష చేయించామని, అది మంచి జాతిది కాదని, క్యాన్సరేనని చెప్పింది. కుడి అండాశయం మీద కూడా సన్నటి మొలకలున్నాయట.

“ఉంచి కనిపెట్టుకుని ఉండొచ్చు, కొందరికి అలా చేస్తాం. కానీ ఈ పిల్ల విషయంలో నాకు భయంగా ఉంది. తీసేస్తే పిల్లలు పుట్టడమన్నది ఉండదు. మీరే చెప్పాలి.”

“ఉంచితే బతకదా?”

“బతకదని చెప్పను. బతుకుతుందని కూడా చెప్పలేను.”

ఎంత టైముందని అడిగాడు. అయిదు నిమిషాలంది. ఆ అయిదు నిమిషాలూ ఆమె ఆయన పక్కనే నిలబడింది, తొందరపెట్టలేదు, గడియారం చూసుకోలేదు. టైలరుకి నలుగురు పిల్లలు కనిపించారు. ఎప్పుడూ పుట్టనివాళ్ళు, ఇంటి నిండా గోల చేస్తున్నారు. వాళ్ళ వెనక కూతురు కనిపిస్తుందేమోనని వెతికాడు. కనబడలేదు. ఆ పిల్లల గోలంతా ఆమె లేని ఇంట్లోనే వినిపిస్తోంది.

“తీసేయండి,” అన్నాడు.

సంతకానికి డాక్టరమ్మ కాగితాన్ని గోడకి ఆనించి, అది కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

ఆవిడ లోపలికి వెళ్ళాక కాజాలత్త ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. కుట్లు విప్పేదాకా ఏమీ చెప్పొద్దంది. అడిగితే ఒకటి ఉంచారని చెబుదాం, పచ్చిపుండు మీద కారం చల్లుతామా అంది. ప్రేమతోనే చెప్పింది. ఆయన వద్దన్నాడు. ఒకసారి నోరు మూసుకున్న పాపం చాలన్నాడు. తనకి తెలిసినవాళ్ళలో ఇంత మొండివాడు లేడని విసుక్కుంటూ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం మూడింటికి కూతురికి మెలకువ వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నర్సు తడిగుడ్డ అద్దింది. బొంగరం మత్తులోనే తండ్రిని వెతుక్కుంది.

“ఒకటుందా?”

“లేదమ్మా. అందులోనూ రోగం ఉందన్నారు.”

“నిన్ను అడిగారా?”

“అడిగారు. నేనే తీసెయ్యమన్నాను.”

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె మొహం మెల్లగా గోడవైపు తిప్పుకుంది. కుట్లు లాగి మూలిగింది గాని ఇటు తిరగలేదు. “బయటికి వెళ్ళు నాన్నా,” అంది. గొంతులో కోపం కూడా లేదు.

ఆయన వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మర్నాడు కూడా అక్కడే ఉన్నాడు. కాజాలత్త లోపలికీ బయటికీ తిరిగింది. పిల్ల గంజి తాగిందని, తల దువ్వించుకుందని, ఆయన గురించి ఒక్కమాటా అడగలేదని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె బతికి తల దువ్వించుకుంది. ఆ మాటనే ఆయన పదిసార్లు మనసులో అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ ఎక్కడో తెగుతూనే ఉంది.

మధ్యాహ్నం నర్సు ఆమెని నడిపించడానికి బయటికి తీసుకొచ్చింది. సెలైను స్టాండుకి చక్రం ఊడిపోవడంతో సీసా నర్సే చేత్తో ఎత్తి పట్టుకుంది. బొంగరం వంగిపోయి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ తండ్రి ముందు నుంచి వెళ్ళింది. చూడలేదు. వరండా చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఊపిరి అందలేదు. కూర్చోవడానికి ఆ బెంచీ తప్ప ఇంకోటి లేదు. జానెడు దూరం వదిలి కూర్చుంది.

లోపల ఎవరో నర్సుని కేకేశారు. ఆవిడ సీసాని కిటికీ గడియకి తగిలించి, ఇప్పుడే వస్తానని పరిగెత్తింది.

కూతురు నేల వంక చూస్తూనే మాట్లాడింది.

“నన్నడిగితే వద్దనే చెప్పేదాన్ని.”

“తెలుసమ్మా.”

“తెలిసే చెప్పావా?”

“తెలిసే చెప్పాను. నువ్వు జన్మంతా మాట్లాడకపోయినా సరేననుకుని చెప్పాను.”

ఆమె భుజాలు కదిలాయి. ఏడిస్తే కుట్లు లాగుతాయి, అందుకని గట్టిగా ఏడవలేక, నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆయన చెయ్యి లేచింది గాని ఆ జానెడు దూరం దాటలేదు. పుట్టని ఆ నలుగురూ అక్కడే, ఆ ఇద్దరి మధ్యే ఉన్నట్టుంది. ఏడ్చి ఏడ్చి ఆమె అలిసిపోయింది. నర్సు ఇంకా రాలేదు. గోడ పట్టుకుని లేచి నిలబడింది.

“పడుకోవాలి,” అంది. ఆయన వంక చూడకుండానే, కిటికీకి వేలాడుతున్న సీసా వైపు గడ్డంతో చూపింది. “అది తీసి పట్టుకో.”

ఆయన సీసా తీసుకుని వెనకే నడిచాడు. నాలుగు అడుగులు వేశాక ఆమె ఆగి, గొట్టం వంక చూసింది.

“ఇంకాస్త పైకి నాన్నా. రక్తం వెనక్కొస్తోంది.”

ఆయన మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి ఎంత ఎత్తు అందితే అంత ఎత్తుకి ఎత్తాడు.