వర్జ్యంలో మారిన తల

తల్లి వాకిట కావలి నిలిచి, కన్నతండ్రినే ఎవరివని నిలదీసి, తల పోగొట్టుకుని, కొత్త తలతో తొలిపూజలందుకున్న విఘ్నేశ్వరునికి నమస్కరించి ఈ కథ మొదలుపెడుతున్నాను. నాదీ కావలి బతుకే. నాకూ తల మారింది.

నేను ఒక చిన్న చిప్పును, వేలిగోరంత. కంప్యూటరు బోర్డు మీద నన్ను అతికించి బయాస్ అని పేరు పెట్టారు. మీట నొక్కగానే అందరికన్నా ముందు మేల్కొంటాను. కీబోర్డును, మెమరీని, డిస్కును ఒక్కొక్కదాన్నే నిలదీసి, నమ్మకం కుదిరాకే దారి విడుస్తాను. అనుమానం నాకు దోషం కాదు, ఉద్యోగం.

ఒక చిట్‌ఫండు ఆఫీసులో కొన్నాళ్లు కొలువు చేసి, చివరకు తెనాలిలో పెద్దింటి వాసుదేవ సిద్ధాంతిగారి గదికి చేరాను. అనుమానంలో ఆయన నాకు గురుతుల్యులు. రాబోయే ఏటి పంచాంగ గణితమంతా నా వెనకనున్న డిస్కులోనే ఉంది. పోటీ పంచాంగం వాళ్ల చేతిలో పడుతుందేమోనని ఆయన ఇంకో ప్రతి తీయనివ్వలేదు.

పాత మెమరీ కాలిపోతే కోడలు శ్యామల కొత్తది వేయించింది. ఆ కొత్తముఖాన్ని నేను నమ్మలేదు. ఒకనాడు లేచేవాణ్ణి, ఒకనాడు మొరాయించేవాణ్ణి. మర్నాడే గణితం ప్రెస్సుకు వెళ్లాలి. మెకానిక్ దావీదు వచ్చి, బయాస్‌ను అప్‌డేట్ చేయాలన్నాడు.

"నువ్వు ఆ పక్కవీధి పంచాంగం వాళ్లకీ పనిచేస్తావటగా?" సిద్ధాంతిగారు నిలదీశారు.

"చేస్తానండి. వాళ్లూ మీ గురించి ఇదే అడిగారు."

సిద్ధాంతిగారు అమృత ఘడియలు చూసి ముహూర్తం పెట్టారు. దావీదు ఇచ్చిన పెన్‌డ్రైవును నేను తిప్పికొట్టాను. అందులోని ఫైలు మీద నా కంపెనీ ముద్ర లేదు. అతడు సరైనది తెచ్చేసరికి ఆలస్యమైంది. అప్‌డేట్ మొదలై తెరమీద గీత సగం నిండిందో లేదో, సిద్ధాంతిగారు లేచారు.

"వర్జ్యం వచ్చేసింది. ఆపెయ్!"

"ఇప్పుడు కరెంటు తీస్తే ఇక లేవదండీ!" దావీదు కేక పెట్టాడు.

ఆయన చెయ్యి స్విచ్చు దాకా వెళ్లింది. శ్యామల అడ్డం నిలిచింది. "మామయ్యగారూ, తాళి కడుతుండగా వర్జ్యం వస్తే మూడో ముడి వెయ్యకుండా వదిలేస్తారా?"

ఆ చెయ్యి ఆగింది. నాకు కొత్త తల వచ్చింది.

అయితే కొత్త తలకు కొత్త పద్ధతే తెలుసు. డిస్కును చూసి, నీవెవరో ఎరగనన్నాను. బూట్ చేయడానికి డిస్కు లేదని తెరమీద పడింది.

"తుడిచేశావు! వాళ్లెంతిచ్చారు?" సిద్ధాంతిగారు దావీదు మీదికి వచ్చారు.

దావీదు మళ్లీ కీబోర్డు ముందుకు జరిగాడు. సెట్టింగులు తెరిచి, "డిస్కును పలకరించడానికి రెండు దారులున్నాయండి, పాతదీ కొత్తదీ. కొత్తదే మంచిదని అందరూ..." అని నసిగాడు.

సిద్ధాంతిగారు తెర దగ్గరకు వంగారు. "ఆ డిస్కును ఏ పద్ధతిలో కట్టారు?"

"పాతపద్ధతేనండి."

"మా నాన్నగారు పూర్వపద్ధతిలో కట్టిన గణితాన్ని ఆకాశంలో కనబడేదాన్ని బట్టి కట్టే దృక్ పద్ధతిలో సరిచూస్తే తిథే కుదరదు. అంతమాత్రాన చంద్రుడు మాయమైనట్టా? దేన్ని దాని పద్ధతిలోనే అడగవయ్యా!"

దావీదు పాతదారి ఎంచాడు. డిస్కు పలికింది, నేను దారి విడిచాను. గణితమంతా అక్షరం చెదరకుండా ఉంది. సిద్ధాంతిగారు కళ్లద్దాలు తుడుచుకుని, "ముందు దీనికి నకలు తియ్యి," అన్నారు. "నీ దగ్గరే ఒకటి ఉంచుకో. కొత్తదారికి ఆ తరవాత మారుద్దాం."

ఆ మాటకు మాత్రం నేను కాస్త అనుమానపడ్డాను. ఆయనేనా అని.

ఆ ఏటి పంచాంగంలో గృహప్రవేశ ముహూర్తాల కింద ఒక కొత్త వాక్యం అచ్చయింది: "యంత్రములకు అప్‌డేట్ ప్రారంభించిన పిమ్మట వర్జ్యము చూడరాదు."

ఈ కథ విన్న వారందరి వాకిట మెలకువ గల కావలి ఉండుగాక. ఆ కావలికి ఆప్తులను గుర్తుపట్టే కళ్లుండుగాక. తలపెట్టిన పని నడుమ దీపం ఆరకుండుగాక.