పేరు ఆమెది, చెయ్యి అతనిది

నేను ఒక బీపీ మిషన్‌ను. గాజు గొట్టంలో పాదరసం ఎక్కి దిగే పాత రకం దాన్ని. మనుషుల మాట నమ్మకపోవడమే నా ఉద్యోగం. నోరు "బాగానే ఉన్నానండీ" అంటుంది. నేను నోటి జోలికి పోను, చేతినే అడుగుతాను.

నన్ను తయారుచేసిన కార్ఖానాలో చివరి పరీక్ష కోసం నా పట్టీని అక్కడి మేనేజరు చేతికే చుట్టారు. పాదరసం నూట డెబ్భై దగ్గర ఆగింది. "ఇది తప్పు చూపిస్తోంది, ఇంకోటి తెండి" అన్నాడాయన. ఇంకోటి తెచ్చారు. అదీ నూట డెబ్భయ్యే అంది. మూడోదీ అంతే. ఆ పూటకు మేం ముగ్గురం పాడైన సరుకు కింద పక్కకు వెళ్ళాం. మర్నాడు ఒక పనిమనిషి చేతికి చుట్టి చూసి, బాగానే ఉన్నామని చీటీ అంటించి బయటికి పంపారు. మగవాళ్ళ మీద నా అనుమానం ఆ రోజు మొదలైంది.

తర్వాత ఒక పేరున్న డాక్టరు బల్ల మీద పన్నెండేళ్ళు ఉన్నాను. తాగుతున్న సిగరెట్టు ఆర్పి వచ్చి, రోగుల్ని సిగరెట్టు మానమని కేకలేసేవాడు. తన చేతికి మాత్రం నన్ను ఒక్కసారీ కట్టుకోలేదు. బ్యాటరీతో నడిచే మిషన్లు వచ్చాక నన్ను మిర్చి యార్డు వెనక కాలనీలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి దానమిచ్చారు. ఇంత చిన్న పెట్టెను నలుగురు పెద్దమనుషులు పట్టుకుని ఫొటో దిగారు.

అక్కడ నన్ను చూసుకున్నది నాగేంద్రమ్మ సిస్టరు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. ఆ కేంద్రం గోడల నిండా గర్భిణుల బొమ్మలు, టీకాల బొమ్మలు. తొమ్మిదింటికి తెరిచి నాలుగింటికి మూస్తారు. ఆ వేళకు కాలనీ మగవాళ్ళంతా యార్డులో ఉంటారు. ఉండని రోజున కూడా పెళ్ళాన్ని గేటు దాకా దింపి, అక్కడే వేపపుల్ల నములుతూ నిలబడేవాళ్ళు. లోపలికి రమ్మంటే, "అది ఆడాళ్ళ ఆసుపత్రి గదా" అనేవాళ్ళు. సిస్టరు మరీ గట్టిగా పిలిస్తే ఇంకా వెనక్కి జరిగేవాళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషనుకు పట్టుకుపోతుందేమోనని.

వాళ్ళు రారని తేలిపోయి, ఒక డిసెంబరు మొదట్లో ఆమే నన్ను చంకన పెట్టుకుని యార్డుకు పోయింది.

యార్డులో ఎండుమిర్చి నింపి కుట్టిన పెద్ద బస్తాను టిక్కీ అంటారు. వాటిని మోసే కూలీలు ముఠాలుగా పనిచేస్తారు. ఎవరు ముఠాలో ఉండాలో, ఎవరు పోవాలో మేస్త్రి చెప్పిందే మాట. ఆ ముఠా మేస్త్రి పున్నారావు. అంతకు ముందు ఏడు కోటయ్య అనే కూలీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడితే, మర్నాటి నుంచి అతన్ని రావద్దన్నాడు. "మోసేవాడు కావాలి గానీ మోయించుకునేవాడు ఎందుకు?" అన్నాడట. ఆ మాట యార్డులో అందరికీ కంఠతా వచ్చు.

టీ వేళ సిస్టరు నా మూత తెరవగానే కూలీలు నవ్వులాటకు దిగారు. "ఏసుపాదం చేతికి కట్టు సిస్టరూ, నీ గుడ్డ సరిపోద్దో లేదో చూద్దాం!" అని ఒకణ్ణి ముందుకు తోశారు.

ఏసుపాదానికి ముప్పై ఎనిమిదేళ్ళు. రెండు టిక్కీలు ఒక్కసారే ఎత్తుతాడని పేరు. దండ చూస్తే నాకే బెదురు పుట్టింది. సిస్టరు పెద్ద పట్టీ తీసి చుట్టి, గాలి కొట్టి, వదిలింది. నేను రెండువందల పది దగ్గర చప్పుడు విన్నాను. కింది అంకె నూట ముప్పై. ఆమె రెండో చేతికీ కట్టి చూసింది. అంతే.

"ఎంతొచ్చిందమ్మా?" వెనక నుంచి పున్నారావు అడిగాడు.

సిస్టరు నా మూత టక్కున మూసింది. "బాగానే ఉంది" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ముందే నా మీద అబద్ధం! ఈమె కూడా అందరిలాంటిదే అనుకున్నాను. మేస్త్రి అటు తిరిగాక ఆమె ఏసుపాదంతో గొంతు తగ్గించి అంది: "చాలా ఎక్కువుంది. రేపు కేంద్రానికి రా. ఎవరికీ చెప్పను."

"నాకేందమ్మా, గుండ్రాయిలా ఉంటే" అని అతను భుజాన తువ్వాలు దులుపుకున్నాడు. "మీకు కేసులు కావాలంటే ఇంకొకర్ని చూసుకోండి."

మూడు వారాలు రాలేదు. నాలుగో వారం ఇంకా తలుపులు తీయకముందే, పొద్దున్నే వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కణతలు రెండు చేతులతో నొక్కుకుంటున్నాడు.

"మా ఆవిడకి తలనొప్పి సిస్టరూ. చూపు కూడా మసగ్గా ఉంటందంట. మాత్రలేమన్నా ఇస్తారేమోనని."

నాగేంద్రమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఆమెకు ఎంత బీపీ ఉందో తెలియాలిగా. నువ్వు కూర్చో" అని నా పట్టీ అతని దండకు చుట్టింది. అతను చెయ్యి చాపి కూర్చున్నాడు. చూసి, మాత్రలు ఇచ్చి, ఆమె పుస్తకం తీసింది. బీపీ ఉన్నవాళ్ళ పేర్లు రాసే ఆ పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కుతుంది, ఆశా వర్కర్ల దాకా అందరూ చూస్తారు. అందులో పేరుంటే యార్డుకు చేరడానికి పూట పట్టదు. కలం కాసేపు ఆగి, తర్వాత 'సువార్తమ్మ' అని రాసింది. అది అతని భార్య పేరు.

అట్లా ప్రతి గురువారం అతను రావడం, నేను చెయ్యి చూడటం, అంకె భార్య పేరు పక్కన పడటం. మాత్రలు తలపాగా మడతలో దాచుకుపోయేవాడు. అంకె నెమ్మదిగా దిగింది. నాకు మాత్రం ఆ పుస్తకం నచ్చలేదు. చెయ్యి ఒకరిది, పేరు ఒకరిది అయిన చోట ఏదో ఒక రోజు ఎవరో ఒకరు పడతారనిపించేది.

ఇటు సువార్తమ్మకూ అనుమానం పట్టుకుంది. తాను మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. గురువారం వచ్చేసరికి మొగుడు టీ కూడా తాగకుండా తల దువ్వుకుని ఎటు పోతున్నాడు? తోటి ఆడవాళ్ళు రకరకాలుగా చెప్పారు. ఆ వారంలోనే ఆశా వర్కరు వీధిలో ఆపి, "అక్కా, బీపీ మాత్రలు ఆపకుండా ఏసుకుంటన్నావా?" అని అడిగింది.

మిట్టమధ్యాహ్నం, చేతులకు కారం మంట ఆరకుండానే సువార్తమ్మ కేంద్రంలోకి దూసుకొచ్చింది.

"నా పేరు మీద మాత్రలు ఎవరు మింగుతన్నారు? ఎవత్తది?"

నాగేంద్రమ్మ కుర్చీ లాగింది. ఆమెను కూర్చోబెట్టి నా పట్టీ చుట్టింది. నూట ఇరవై, ఎనభై. సువార్తమ్మ నా గొట్టం వైపు చూసింది, తర్వాత సిస్టరు మొహం వైపు.

"నాకు లేదుగా. మరి నా పేరు మీదున్న జబ్బు ఎవరిది?"

సిస్టరు తల దించుకుంది. సువార్తమ్మకు మొగుడి గురువారాలు గుర్తొచ్చాయి. అరుపులేమీ లేవు. "ఇంట్లో నాకు చెప్పడానిగ్గూడా సిగ్గయిందా ఆయనకి" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో తర్వాత ఆమే సిస్టరుకు చెప్పింది. ఆయన ముందు కాదన్నాడట, తర్వాత అరిచాడట, ఆ తర్వాత తలపాగాలోని మాత్రల అట్ట తీసి మురిక్కాలవలో పారేశాడట. "ఆడదానికి తెలిసిందంటే ఊరందరికీ తెలిసినట్టే. మేస్త్రి నన్ను తీసేస్తాడు. ఆ మాత్రలేసుకుంటే మగతనం పోద్దని కూడా అంటన్నారు" అన్నాడట. తర్వాతి గురువారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అప్పటికి మార్చి. యార్డులో సరుకు గుట్టలు పడే కాలం.

ఏప్రిల్ మొదట్లో ఒక పగలు ముఠావాళ్ళు ఆటోలో అతన్ని తెచ్చి మా బల్ల మీద పడుకోబెట్టారు. మూతి ఒక పక్కకు లాగింది. ఎడమ చెయ్యి వేలాడుతోంది. పున్నారావు గుమ్మంలో నిలబడి, "ఎండదెబ్బమ్మా, ఎండదెబ్బ" అంటున్నాడు. నేను రెండువందల ముప్పై చూపించాను. నాగేంద్రమ్మ నన్ను మూయడం కూడా మరిచి, చంకన పెట్టుకునే అంబులెన్సు ఎక్కింది.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు గబగబా అడుగుతున్నాడు. "బీపీ ఉందా? మందులు వాడాడా? ఎప్పుడు ఆపాడు?" పక్కనున్న మనిషి కంప్యూటర్లో వెతికి తల ఊపాడు. "ఇతని పేరు మీద ఏమీ లేదు సార్. ఎప్పుడూ చూపించుకోలేదు."

మంచం చుట్టూ ముఠావాళ్ళు. మేస్త్రి కూడా. నాగేంద్రమ్మ నన్ను ఇంకా గట్టిగా అదుముకుంది. ఉద్యోగం పోతుందన్న భయం నాకు ఆమె చంకలో చెమటగా తగిలింది.

"నా పేరుతో చూడండి" అంది, కబురంది పనిలోంచి పరుగెత్తుకొచ్చిన సువార్తమ్మ. "ఆ కాయితంలో పేరు నాది, జబ్బు ఆయనది. రెండు నెల్లు మాత్రలేశాడు, నెల్నాళ్ళైంది మానేసి. రాసుకోండి!"

అప్పుడు సిస్టరు కూడా "నిజం సార్, నేనే అట్లా రాశాను" అంది. డాక్టరు ఆమెను ఒక్క చూపు చూసి, ముందు చెయ్యాల్సింది చేశాడు. స్కానింగుకు మంచం కదులుతుంటే ఏసుపాదం కుడి చెయ్యి చాపి భార్య చీర చెంగు పట్టుకున్నాడు. అందరి ముందూ. వదల్లేదు.

బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం సగమే తిరిగొచ్చింది. సిస్టరుకు మెమో వచ్చింది, రెండు ఇంక్రిమెంట్లు ఆగాయి. పున్నారావు తన ముఠాలోకి అతన్ని మళ్ళీ పిలవలేదు. ముఠావాళ్ళే పట్టుబట్టి టిక్కీలు కుట్టే చోట పని ఇప్పించారు. మొదట్లో నేల మీద కూర్చుని సూది పట్టడానికి అతనికి తల కొట్టేసినట్టుండేదట. ఇప్పుడు కుట్టు తిన్నగా వేస్తాడని చెప్పుకుంటారు. ఆ ముఠాలో ఆరుగురు నాకు చేతులిచ్చారు. మిగతావాళ్ళు ఇంకా "నాకేంది" అంటూనే ఉన్నారు.

పాదరసం ప్రమాదమని నన్ను వాడొద్దన్నారు. స్టోరు గదిలో, కిటికీ పక్క అల్మారాలో ఉంచారు. అక్కడి నుంచి వరండా బల్ల కనిపిస్తుంది. నెలకోసారి ఏసుపాదం గర్భిణుల మధ్య, భార్య పక్కన, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంటాడు. కొత్త మిషన్ బీప్ మంటుంది. దాన్ని నేను నమ్మను, అది వేరే సంగతి.

మొన్న నాగేంద్రమ్మ అడిగింది, "మాత్రలు రోజూ వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటన్నా సిస్టరూ" అన్నాడు.

సువార్తమ్మ అతని వైపు తిరిగింది. అతని జేబులో చెయ్యి పెట్టి మాత్రల అట్ట తీసింది. ఖాళీ గుంటలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ చూసుకుంటూ పోయింది. అతను కదలకుండా, ఆమె వేలినే చూస్తూ కూర్చున్నాడు.